రెండు పెట్టెల మధ్య నిష్పక్షపాతం

మా సంస్థలో ఎవరికీ అన్యాయం జరగదు. అన్యాయం జరగాలన్నా ముందు ఏదో ఒకటి జరగాలి కదా!

మాది సంచార విడుదుల అభివృద్ధి సంస్థ. పేరు చూసి హడలిపోకండి, పని చిన్నదే. ఈమధ్య పట్నాల్లో కాస్త కలిగినవాళ్ళకు ఒక కొత్త సరదా పుట్టింది. ఇంట్లో ఏసీ ఆపేసి, కారు నెత్తిన గుడారం బిగించుకుని, కొండలెక్కి, దోమలచేత కుట్టించుకుని, ఆ కారు పక్కనే రెండు రోజులు కాపురం పెట్టి, "ఆహా, ప్రకృతి!" అనుకుంటూ దిగిపోతారు. దీన్ని క్యాంపింగ్ అంటారు. మా తాతలు బళ్ళు కట్టుకుని తీర్థాలకు పోయినప్పుడు దారిపొడుగునా ఇదే చేశారు గానీ, పాపం, దీనికి ఒక పేరుందని వాళ్ళకు తెలియదు. ఇలా వచ్చేవాళ్ళకు చదును చేసిన జాగా, పంపులో నీళ్ళు, వేళకు భోజనం చూడడం మా బాధ్యత. నేను ఆ సంస్థ హెడ్డాఫీసులో సూపరింటెండెంటుని. పేరు గంటి చిదంబరం.

మా విడుదులన్నిటిలోకీ నెమలికొండ విడిదికి గిరాకీ ఎక్కువ. దానికి కారణం కొండా కాదు, నెమలీ కాదు, వీరవేణి. అక్కడి వంటశాల కాంట్రాక్టు ఆవిడది. ఆవిడ చేతి కోడికూర తిన్నవాళ్ళు ప్రకృతి సంగతి మరిచిపోయి పొయ్యి దగ్గరే చాప పరుచుకుంటారు. అయితే నెమలికొండకు కరెంటు లేదు. పాలు పొద్దున్న బస్సులో కొండెక్కాలి. చలికాలం సాగిపోతుంది. ఎండాకాలం వచ్చేసరికి రాత్రి తోడుపెట్టిన పెరుగు మధ్యాహ్నానికి నోట పెట్టలేనంత పులిసిపోతుంది. అప్పటికే పెరుగు మీద రెండు ఫిర్యాదులు పడ్డాయి. మా నిబంధనల ప్రకారం మూడో ఫిర్యాదు పడితే కాంట్రాక్టు రద్దు. విచారణ ఉండదు, బతిమాలుకోవడం ఉండదు.

వీరవేణి కొండ దిగి, రెండు బస్సులు మారి మా ఆఫీసుకొచ్చింది.

"సూపర్నెంటు గారండీ, పాలు కొండెక్కేసరికే సగం సచ్చిపోతన్నాయండి. ఇంకో ఫిర్యాదు పడితే నా పొయ్యి ఆరిపోద్ది. నాకో సల్లటి పెట్టె ఇప్పించండి బాబూ. కారు బ్యాటరీకి తగిలించుకునే ఫ్రిజ్జులొచ్చాయంట కదండీ. లేదంటే ఐసు పోసుకునే పెట్టె. సల్లగా ఉంటే సాలండి, అంతకుమించి నాకేం వద్దు."

న్యాయమైన కోరిక. మామూలు మనుషులైతే సాయంత్రానికి బజారుకెళ్ళి ఒక పెట్టె కొని బస్సు మీద వేసి పంపేస్తారు. మేం మామూలు మనుషులం కాము. ఫైలు పెట్టాను. మా ఎండీ పట్టాభిరామారావు గారు ఆకుపచ్చ సిరాతో దాని మీద "ఏ రకము?" అని రాసి వెనక్కి పంపారు.

ఆ రెండు మాటల మీద సమావేశం జరిగింది.

ఎండీ గారు గొంతు సవరించుకున్నారు. "మిత్రులారా, తొందరపడి మంచిపని చేసి, పిదప సంజాయిషీ చెప్పుకొనలేక అగచాట్లు పడిన సంస్థలను నేనెరుగుదును. అట్టి దుస్థితి మన సంస్థకు రాకూడదు. కావున నిపుణుల అభిప్రాయము కోరుచున్నాను."

నిపుణులంటే డాక్టర్ శతానందం గారు. చల్లదనం మీద ఆయన లావుపాటి పుస్తకం రాశారు. రాసిందంతా ఒక ఏసీ గదిలో కూర్చుని. ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. "శైత్యము అను పదార్థమేదీ లోకములో లేదు. ఉష్ణము లేకపోవుటయే శైత్యము. అనగా మనము కొనదలచినది ఒక వస్తువు కాదు, ఒక లేమి."

"లేమిని కొనడానికి బడ్జెట్టులో పద్దు లేదు," అన్నారు త్రివిక్రమయ్య గారు.

ఈ త్రివిక్రమయ్య గారు మా ఆడిట్ అధికారి. నిష్పక్షపాతానికి పెట్టింది పేరు. ఇంట్లో కవల మనవలున్నారు. ఒకడికి జ్వరమొస్తే ఇద్దరికీ మాత్ర వేయిస్తారట. అటువంటి మనిషి చేతిలో కలముంటే సంస్థలో రూపాయి కదలదు. కదలదు కాబట్టి పోదు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి.

నేను ఉండబట్టలేక లేచాను. "సార్, ఇందులో పెద్ద మర్మమేం లేదండి. కారు ఫ్రిజ్జు పగలంతా బాగా పనిచేస్తుంది, రాత్రంతా వదిలేస్తే కారు బ్యాటరీ తాగేస్తుంది. పొద్దున్నే బండి కదలదు. ఐసు పెట్టెకి బ్యాటరీ గొడవ లేదు గానీ ఐసు కరిగి గిన్నెలు నీళ్ళలో తేలతాయి. దేని కష్టం దానిది. ఏదో ఒకటి కొని పంపేద్దాం. ఎండలు ముదిరిపోతున్నాయి."

నేను సభలో ఉమ్మేసినట్టు చూశారు అందరూ.

"చిదంబరం గారూ, మీలో పక్షపాతము పొడసూపుచున్నది," అన్నారు ఎండీ గారు.

"ఏ పక్షం సార్?"

"అది విచారణలో తేలును."

త్రివిక్రమయ్య గారు అందుకున్నారు. "పోలిక అంటే మాటలు కాదు. రెండింటికీ పరిస్థితులు సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా రేపు ఓడిన పెట్టె తాలూకు కంపెనీవాడు కోర్టుకెక్కుతాడు. సమానత్వం నేను చూసుకుంటాను."

అలా శీతల సాధనముల నిష్పాక్షిక తులనాత్మక పరిశీలనా సంఘం పుట్టింది. వాళ్ళు ముగ్గురూ సభ్యులు, చాకిరీకి నేను కన్వీనర్ని. పరిశీలన నెమలికొండలోనే జరగాలని తీర్మానించారు. అసలే మే నెల, పైగా వీరవేణి కోడికూర. ఈ ఒక్క తీర్మానానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నమూనా కోసం ఒక కారు ఫ్రిజ్జు, ఒక ఐసు పెట్టె తెప్పించాం. జీపు వెనక సీట్లో నేను మధ్యన, అటొకటి ఇటొకటి. మలుపు తిరిగినప్పుడల్లా ఏదో ఒక పెట్టె మీద పడుతుంటే త్రివిక్రమయ్య గారు ముందు సీట్లోంచి తిరిగి, "చిదంబరం, ఎడమ పెట్టె మీద ఎక్కువ ఒరుగుతున్నారు," అని హెచ్చరిస్తూ వచ్చారు. ఘాట్ రోడ్డు వేసినవాణ్ణి నిలదీయాల్సిన మాట అది. నోరు మూసుకుని కుడి మలుపు కోసం ఎదురుచూశాను.

విడిదిలో దిగగానే వీరవేణి ఆ పెట్టెల్ని చూసింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "రెండు తెచ్చారాండీ! మీ కడుపు సల్లగుండ!" అంటూ చేతులు జోడించింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అమ్మా, ఇవి నీ కొరకు కాదు. నీ నిమిత్తము," అన్నారు ఎండీ గారు.

పని మొదలైంది. ముందు పెట్టెలకు పేర్లు పెట్టాలి. "మొదటి పెట్టె, రెండో పెట్టె అందాం," అన్నాను. మొదటిది అనగానే దానికి అగ్రతాంబూలం ఇచ్చినట్టవుతుందన్నారు. చివరికి ఒకదాన్ని "ఒక పెట్టె" అని, ఇంకోదాన్ని "ఇంకో పెట్టె" అని పిలవాలని నిర్ణయించారు. తరవాత నీడ. చెట్టు నీడ జరుగుతూ ఉంటుంది, ఒకదాని మీంచి ముందు పోతుంది. అందుకని రెండింటినీ నడి ఎండలో పెట్టించారు. ఆపైన బరువు. ఫ్రిజ్జు బరువుగా ఉంది, ఐసు పెట్టె తేలిగ్గా ఉంది. శతానందం గారు స్వయంగా రాళ్ళు ఏరి ఐసు పెట్టె అడుగున పేర్చారు. పెద్ద చదువు చదివిన మనిషి అంత శ్రద్ధగా రాళ్ళు మోయడం నేను చూడలేదు, అబద్ధమెందుకు చెప్పాలి.

తరవాత పెరుగు. ఒకే గేదె పాలు, ఒకే తోడు, ఒకే రకం గిన్నెలు. గరిటెడు ఇందులో పోస్తే గరిటెడు అందులో పోయాలి. విడిదిలో మరో పెరుగు ఉండకూడదని, ఉంటే అది పోటీలో లేని మూడో పక్షమవుతుందని త్రివిక్రమయ్య గారు ఆంక్ష పెట్టారు. వీరవేణి గుడ్లప్పగించి చూస్తూ, చెప్పినట్టే చేసింది.

నేను ఫ్రిజ్జు తీగ తీసి జీపు సాకెట్లో పెట్టాను. ఐసు పెట్టెలో మా వెంట తెచ్చిన ఐసు పోశాను.

"ఆగండి!" అని అరిచారు త్రివిక్రమయ్య గారు. "ఒక పెట్టెకు కరెంటు ఇస్తున్నారు. మరి ఇంకో పెట్టెకు?"

"అది ఐసు పెట్టె సార్. దానికి కరెంటుతో పనిలేదు."

"పనిలేకపోవడం వేరు, ఇవ్వకపోవడం వేరు."

సరే, ఎక్కడో ఒక పాత వైరు ముక్క దొరికింది. ఒక కొస ఐసు పెట్టె పిడికి ముడేసి, రెండో కొస జీపు సాకెట్ దగ్గర దారంతో కట్టాను. ఆయన సంతృప్తిగా తల పంకించి, అంతలోనే మళ్ళీ చెయ్యెత్తారు. "ఇంకో పెట్టెలో ఐసుంది. ఒక పెట్టెలో లేదు."

ఫ్రిజ్జులోనూ ఐసు పోశాను. అప్పుడు శతానందం గారికి అనుమానం వచ్చింది. "ఒక పెట్టె ఐసును స్వీకరించినది, విద్యుత్తునూ స్వీకరించినది. ఇంకో పెట్టె ఐసును మాత్రమే స్వీకరించినది. వైరు కట్టినను విద్యుత్తు దాని లోనికి పోవుట లేదు. శాస్త్రరీత్యా ఇది ఘోరమైన అసమానత."

ముగ్గురూ ఎండలో నిలబడి చాలాసేపు తర్కించుకున్నారు. చెమటలు కారుతున్నాయి. ఎండీ గారు కొండల వైపు చూస్తూ తీర్పు చెప్పారు. "ఇద్దరికీ సమానముగా ఇచ్చు శక్తి లేనప్పుడు, ఇద్దరికీ ఇవ్వకుండుటయే రాజధర్మము."

కరెంటు పీకేశారు. ఐసు తీసేశారు. వృథా పోకూడదని ఆ ఐసు సంఘం వారి నిమ్మరసంలో వేయించారు. జీపు సాకెట్లో ఎండీ గారి ఫోను ఛార్జింగ్ పెట్టారు.

వీరవేణి నోరు తెరిచింది. "అయితే ఇయ్యి ఉత్త పెట్టెలే కదండీ!"

"ఇప్పుడే అవి శాస్త్రీయమైన పెట్టెలైనవి," అన్నారు శతానందం గారు.

రెండింటికీ లక్కతో సీలు వేయబోయాం. ఆ ఎండకు లక్క గడ్డకట్టనే లేదు, బంకలా కారి త్రివిక్రమయ్య గారి వేళ్ళకు అంటుకుంది. చివరికి సీలు బదులు ఆయనే కుర్చీ వేసుకుని పెట్టెల ఎదుట కూర్చున్నారు. కుర్చీ కచ్చితంగా మధ్యలో ఉందో లేదో నాచేత రెండు సార్లు కొలిపించారు.

వీరవేణి నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించింది. "బాబూ, రేపు మధ్యాన్నం మీ భోజనాల్లోకి ఆ పెరుగే కదండీ?"

"అదే."

"ఈ ఎండలో, మూతేసిన పెట్టెలో, రేపటికి అది పెరుగులా ఉంటాదంటారా?"

"ఉండదు."

"మరి తిన్నోళ్ళెవరైనా ఫిర్యాదు రాయొచ్చు కదండీ?"

రాయొచ్చు. సంఘం సభ్యులకు మినహాయింపేమీ లేదు. పైగా త్రివిక్రమయ్య గారు తన తోబుట్టువు వడ్డించినా రాసే మనిషి. పెట్టె కావాలని అడిగినందుకు, పెట్టె ఇవ్వాలా వద్దా అని చూడటానికి వచ్చినవాళ్ళ చేతుల్లోనే ఈవిడ బతుకు తెల్లారిపోయేలా ఉంది. ఆ రాజధర్మం చెప్పిన నోట్లో రాయి పెట్టి కొట్టాలన్నంత కోపమొచ్చింది నాకు. కోపమొచ్చినా జీతగాణ్ణి.

"పిల్లికి సెలగాటం, ఎలక్కి పేణసంకటం," అని గొణుక్కుంటూ వీరవేణి కోడి కోయడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పెట్టెలు తెరిచారు. వాసన చెప్పక్కర్లేదు. శతానందం గారు రెండు గిన్నెల్లోనూ వేలు ముంచి, నాలిక మీద రాసుకుని, "సమానము!" అని ఆనందంతో ప్రకటించారు. గిన్నెలు వంటశాలలోకి వెళ్ళాయి. మేం విస్తళ్ళ ముందు కూర్చున్నాం.

చింతచిగురు పప్పు, కోడికూర, వంకాయ వేపుడు. మాటల్లేవు, తినడమే. ఎండీ గారు మూడోసారి కూర వేయించుకున్నారు. ఆ తరవాత వీరవేణి తపేలా పట్టుకొచ్చి అందరికీ పెరుగు వడ్డించింది. త్రివిక్రమయ్య గారు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కన్ను కూడా, సమానత్వం కోసమేమో, మూసుకుపోయింది. ఆయన ఎడమచేత్తో జేబులోంచి కలం తీశారు.

"పెరుగు పులిసింది. ఇది మూడవ ఫిర్యాదు. నిబంధన స్పష్టంగా ఉంది. నాకు వ్యక్తిగతంగా బాధే."

వీరవేణి తపేలా కింద పెట్టలేదు, గరిటె కూడా వదల్లేదు.

"రాయండి బాబూ. రాసేవోళ్ళ సెయ్యి అట్టుకుంటానా? కాకపోతే, ఏ పెట్టెలో పెరుగు పులిసిందని రాస్తారండి?"

కలం ఆగింది. "ఇది ఏ పెట్టెలోది?"

"ఆయ్, రెండు గిన్నెలూ ఒక్క తపేలాలో బోర్లించి, కవ్వమెట్టి కలిపేశానండి. ఒక పెట్టెదీ ఉంది, ఇంకో పెట్టెదీ ఉంది. యేరేగా వడ్డిస్తే ఒకదాన్ని ముందు వడ్డించాల కదండీ. దానికి ఎక్కువ మర్యాద సేశానంటారు. రెంటినీ సమానంగా సూడమని తమరే కదండీ సెప్పారు!"

శభాష్ అని అరవబోయి పెదవి కొరుక్కున్నాను. ఆ సందు దొరకగానే నేనూ దూరాను. "సార్, ఇది చాలా సున్నితమైన విషయం. పెరుగు పులిసిందని రాస్తే పెట్టె చల్లబరచలేదని రాసినట్టే. ఒక పెట్టె అని రాస్తే ఇంకో పెట్టెకు కొమ్ముకాసినట్టు. ఇంకో పెట్టె అని రాస్తే ఒక పెట్టెకు. రెండూ అని రాస్తే, విచారణ ముగియకముందే రెండు కంపెనీలనూ దోషుల్ని చేసినట్టు. ఇద్దరూ కోర్టుకెక్కుతారు."

త్రివిక్రమయ్య గారి నుదుటి మీద చెమట పట్టింది. జీవితంలో ఎన్నడూ ఒక వైపు మొగ్గని మనిషి. కలం కాగితం దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఆయన శతానందం గారి వైపు చూశారు.

"పులుపు అనునది సాపేక్షము. చింతపండు దృష్టిలో ఈ పెరుగు తియ్యనిది," అన్నారు శతానందం గారు.

"పెరుగు సమతూకముగా ఉన్నది," అన్నారు ఎండీ గారు. ఆయన మజ్జిగలా కలుపుకుని ఉప్పేసి లాగించేశారు.

కలానికి మూత పడింది. ఫిర్యాదు రాయకుండా పెరుగు విడిచిపెడితే అదీ ఒక అభిప్రాయం వ్యక్తం చేసినట్టే అవుతుంది కాబోలు, త్రివిక్రమయ్య గారు కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా విస్తరి ఆఖరి మెతుకు దాకా తిన్నారు. వీరవేణి వంగి, "ఇంకాసిని వెయ్యమంటారాండీ?" అని అడిగింది. ఆయన రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టారు. నాకు లేచి చిందెయ్యాలనిపించింది.

గండం గడిచింది. అయితే పెట్టె రాలేదు. రేపు మరో కారులో మరో పులుపు పడని మనిషి వస్తే ఇదే కథ. చేతులు కడుక్కుంటున్న ఎండీ గారి పక్కకు చేరాను.

"సార్, పరిశీలన దిగ్విజయమైంది. రెండు పెట్టెలూ సమానమని తేలింది. దీన్ని మొదటి దశ అందాం. ఇక రెండో దశ మిగిలింది."

"ఏమది?"

"వాడుక దశ. ఐసు, కరెంటు, నీడ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు వాడుకోవాలి. మనం కల్పించుకుంటే మన పక్షపాతం సోకుతుంది. అందుకని ఒక తటస్థ వ్యక్తి దగ్గర రెండు పెట్టెలూ ఉంచేయాలి. తుది నివేదిక వచ్చేదాకా మరెవరూ వాటిని ముట్టుకోకూడదు."

త్రివిక్రమయ్య గారు వీరవేణిని ఎగాదిగా చూశారు. "అమ్మా, ఈ రెంటిలో నీకేది ఇష్టం?"

"నాకు నా పొయ్యి ఇష్టమండి."

"ఇంతటి నిష్పాక్షికత నా సర్వీసులో చూడలేదు," అన్నారాయన గద్గదంగా. అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది. తుది నివేదిక రాసే పని కన్వీనర్‌ది. అంటే నాది.

మేం జీపెక్కకముందే వీరవేణి ఐసు పెట్టెలోని రాళ్ళు తీసి పొయ్యి చుట్టూ పేర్చుకుంది. ఆ తరవాత సంగతులు చెప్పాలంటే చాలా సులువు. విడిదికి కార్లు వచ్చిన రోజు వాళ్ళ బ్యాటరీకి ఫ్రిజ్జు తగిలిస్తుంది, చీకటి పడగానే తీసేస్తుంది. కార్లు లేని రోజు పాల బస్సులోనే ఐసు వస్తుంది, గిన్నెలు తేలకుండా ఎత్తుపీట వేస్తుంది. మీగడ పెరుగు గరిటె నిలబడేట్టు ఉంటోంది. ఆ తరవాత నెమలికొండ మీద ఫిర్యాదన్నదే లేదు. కాకపోతే తక్కిన విడుదుల వంటవాళ్ళకు ఈ కబురు ఎలా పాకిందో గానీ, మా దగ్గర కూడా నిష్పాక్షిక పరిశీలన జరపాలని అర్జీలు రాసాగాయి. న్యాయం అందరికీ సమానం కదా, త్రివిక్రమయ్య గారు కాదనలేకపోయారు. విడిదికి రెండేసి పెట్టెలు వెళ్ళాయి. ఎండీ గారు అప్పుడప్పుడూ పిలిచి, "నివేదిక ఎందాక వచ్చినది?" అని అడిగేవారు. "శరవేగంగా ఆలస్యమవుతోంది సార్," అనేవాణ్ణి. ఆయన మెచ్చుకునేవారు.

కొన్నేళ్ళకు ఎండీ గారు రిటైరయ్యారు. వీడ్కోలు విందు నెమలికొండలోనే కావాలన్నారు. కోడికూర అయింది. చల్లటి పెరుగు విస్తట్లో పడింది. ఆయన కళ్ళు మూసుకుని తిన్నారు. తిని, నా వైపు వంగి, ఉద్యోగం పోయింది కాబట్టి మామూలు తెలుగులో అడిగారు.

"ఇప్పుడు మనిద్దరమే కదా చిదంబరం, నిజం చెప్పు. ఇంతకీ ఏది మంచిదయ్యా?"

"ఇంకా తేలలేదు సార్."

"అమ్మమ్మా, ఆయన్ని అలా అడక్కండి పెద్దయ్యగారూ," అంది తపేలాతో పక్కకొచ్చిన వీరవేణి కంగారుగా. "తేలిందంటే ఓడిపోయిన పెట్టెని పట్టుకుపోతారండి!"

ఎండీ గారు ఆవిడని చూశారు, నన్ను చూశారు, పొయ్యి పక్కన ఉన్న రెండు పెట్టెలనూ చూశారు. చాలాసేపు నవ్వారు. అన్నేళ్ళలో ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

"అయితే ఇంకో గరిటె వెయ్యమ్మా," అన్నారు విస్తరి ముందుకు జరుపుతూ. "రెండు పెట్టెల్లోంచీ సమానంగా."